డబ్బా మీది వెలుగు, గెట్టు మీది చీకటి

కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ ఇప్పుడు టార్చిలైటు కొనబోతే దుకాణదారు ముందు చెప్పేది ధర కాదు, అంకెలు. పదివేల ల్యూమెన్లు, లక్ష ల్యూమెన్లు, కిలోమీటరు దూరం, 9900 ఎంఏహెచ్ బ్యాటరీ. చూస్తే అది అరచేతిలో పట్టే లైటు. ఎదుటి గోడ మీదికి కొట్టి చూపిస్తాడు, కండ్లు చెదురుతాయి. డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. నెల తిరగకముందే అదే లైటు అర్ధరాత్రి బాయికాడ మిణుగురు పురుగంత వెలుగుకు వస్తుంది, లేదంటే చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. అప్పుడు చేతిలో నీళ్ల పార, ముందు అర ఫర్లాంగు గెట్టు, చుట్టూ చీకటి.

మన దిక్కు టార్చినే బ్యాటరీ అంటాం. ఇక్కడ గందరగోళం లేకుండా లైటును లైటని, లోపల ఉండేదాన్ని సెల్లని రాస్తాను.

మద్దతు ధర, వడ్ల తరుగు, కౌలు రైతుకు గుర్తింపు వంటి పెద్ద సమస్యలుండగా సంఘం పత్రికలో టార్చిలైటు ముచ్చటేమిటని కొందరు మిత్రులు అనవచ్చు. కానీ రైతు ప్రాణం పోయే జాగాల్లో రాత్రి పొలం ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత కరెంటు వచ్చినా అది రోజుకు ఏడు గంటలే. అదీ విడతలుగా, అందులో ఒక విడత రాత్రి. అర్ధరాత్రి మోటరు పెట్టబోయి పాము కరిచీ షాకు కొట్టీ పోయినవాళ్లు లేని ఊరు అప్పట్లో అరుదు. పగటి కరెంటు కోసం రైతు సంఘాలు చేసిన ధర్నాలన్నీ దాని మీదనే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా అన్నారు. దాంతో రాత్రి తిరుగుడు తగ్గింది, కాదనను. పోలేదు. ఫ్యూజు కొట్టేస్తే, లో వోల్టేజీతో మోటరు ఆగితే ఎవరో ఒకరు పోవాలి. పోచారం కాల్వ కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో, నిజాంసాగర్ ఆయకట్టులో కాల్వ చివరి మడికి నీళ్లు రావాలంటే వంతు రాత్రే పడుతుంది, పగలంతా పైవాళ్లే మలుపుకుంటారు కనుక. లింగంపేట, గాంధారి వైపు మక్క కంకి పాలు పట్టిందంటే అడవి పందుల కాపలా. కోతలయ్యాక కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప మీద కాపలా, వాన చినుకు పడితే టార్పాలిన్ కప్పడానికి ఉరుకులు. వీటిలో ఏ ఒక్కటీ లైటు లేకుండా అయ్యేది కాదు.

పాముకాటు లెక్క చూడండి. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. అంటే ఏటా 58 వేల మంది. ఎక్కువ మంది పల్లెల వాళ్లే. దాదాపు సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, అంటే మన వానాకాలం పంట నెలల్లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా చావులు ఎక్కువున్న రాష్ట్రాల జాబితాలో ఉంది. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది నిజం కావాలంటే విరుగుడు మందు దగ్గరి దవాఖానలో ఉండాలి. దానికంటే ముందు, కాలు పెట్టే చోటు కాలు పెట్టకముందే కనపడాలి. రైతుబీమా 5 లక్షలు 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకే. అరవై దాటిన ముసలాయన, పట్టా లేని కౌలు రైతు కూడా అదే గెట్టు మీద నడుస్తున్నారు, వాళ్ల ఇంటికి అదీ రాదు.

కనుక లైటు మనకు పనిముట్టు. పార, కొడవలి కొనేటప్పుడు ఎట్ల చూస్తామో దీన్నీ అట్లనే చూడాలి. నా వాదన ఒకటే. రైతుకు కావలసింది దుకాణంలో అర నిమిషం మెరిసే వెలుగు కాదు. పొద్దుగూకి పోయి తెల్లవారి వచ్చేదాకా ఒకే తీరుగా వెలిగే వెలుగు. మొదటిదాని అంకె డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతో ఉంటుంది, రెండోదాని అంకె చాలా డబ్బాల మీద ఉండనే ఉండదు. ఈ తేడా తెలియాలంటే పెద్ద చదువు అక్కర్లేదు, బాయీ మోటరూ తెలిస్తే చాలు.

ఊట తక్కువున్న బోరుకు ఏడున్నర హెచ్‌పీ మోటరు పెడితే ఏమైతది? పావుగంట పైపు నిండా నీళ్లు పోసి ఆ తర్వాత గాలి గుంజుతుంది. అదే బోరుకు మూడు హెచ్‌పీ పెడితే సన్నగా పోసినా ఎకరం పారుతుంది. లైటులో సెల్లే బోరు, ల్యూమెన్లే మోటరు. ఈ చిన్న లైట్లలో ఉండేది చాలావరకు 18650 అనే లిథియం సెల్లు. పేరులోనే కొలత ఉంది, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. 3.7 వోల్టులది, 2600 ఎంఏహెచ్ నిజంగా ఉన్న సెల్లయితే అందులో ఉండే కరెంటు దాదాపు పది వాట్-గంటలు. ఒక వాటు చొప్పున వాడితే పది గంటలు, పది వాట్లు వాడితే గంట. ఒక వాటుకు నూరు ల్యూమెన్లు ఇచ్చే లైటు మంచి లైటు కింద లెక్క. ఇక మీరే గుణించండి. వెయ్యి ల్యూమెన్లు పెట్టి నడిస్తే గంట కూడా నిలవదు. నూరు ల్యూమెన్లతో నడిస్తే, మధ్యలో పోయే నష్టం తీసేసినా, ఎనిమిది తొమ్మిది గంటలు వస్తుంది. రాత్రంతా అన్నమాట.

ఇదే లెక్కలో లక్ష ల్యూమెన్లంటే వెయ్యి వాట్లు కావాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అంటే ఒక హెచ్‌పీకి మించిన మోటరు నడిచేంత కరెంటు, అరచేతి లైటులో! ఇంత అబద్ధం అచ్చేసినా అడిగే నాథుడు లేడు.

సెల్లు మీది అబద్ధం ఇంకా తేలికగా దొరుకుతుంది. ఆ కొలతలో ప్రపంచంలో పేరున్న కంపెనీలు ఇన్నేళ్లు కష్టపడి తెచ్చిన సామర్థ్యం 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. 9900 అని రాసి ఉంటే ఇక చదవనక్కర్లేదు, దించి వచ్చేయండి. అట్లాంటివాటిలో నిజంగా ఉండేది చాలాసార్లు వెయ్యీ పన్నెండు వందలే. మంచి సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. పొట్ట ఖాళీగా ఉన్నది తేలికగా ఉంటుంది. బంగారం కొట్టు కాంటా మీద పెడితే నిమిషంలో తేలుతుంది. వడ్లలో తాలు పట్టుకునే చేతులు మనవి, సెల్లులో తాలు పట్టలేమా?

ఇంకో కిటుకుంది, దీన్ని పేరున్న కంపెనీలు కూడా వాడతాయి. టార్చిలైట్లు కొలవడానికి అమెరికాలో 2009లో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం పెట్టారు. చాలా దేశాల కంపెనీలు దాన్నే పాటిస్తున్నాయి. దాని ప్రకారం లైటు వేసిన 30 సెకన్ల దగ్గర వెలుగు కొలుస్తారు. ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయాన్ని నడిచే సమయంగా రాస్తారు. అంటే వెయ్యి ల్యూమెన్లు, మూడు గంటలు అని డబ్బా మీద ఉంటే, వెయ్యి ల్యూమెన్లు మూడు గంటలు వస్తాయని కాదు. చిన్న లైటు ఒళ్లు కొద్ది నిమిషాల్లోనే కాలిపోతుంది, కాలకుండా అది తనంతట తనే వెలుగు తగ్గించుకుంటుంది. ఐదు నిమిషాలు వెయ్యి, మిగతా అంతా రెండు వందలో నూటయాభయ్యో అయినా ప్రమాణం ప్రకారం తప్పు కాదు. దూరం లెక్కా అంతే. ఫలానా దూరం పోతుందంటే, అంత దూరంలో పున్నమి వెన్నెలంత వెలుగు పడుతుందని అర్థం. వెన్నెల్లో దూరాన పంది ఉందో పొద ఉందో మీరే చెప్పండి. డబ్బా మీది దూరంలో సగం కూడా మనకు పనికొచ్చేది కాదు. పైగా దూరం రెట్టింపు కావాలంటే వెలుగు సూటి నాలుగు రెట్లు కావాలి. అందుకే ఆ చివరి వంద మీటర్ల కోసం సెల్లును పీల్చి పిప్పి చేయడం దండగ.

మరి ఎంత వెలుగు సరిపోతుంది? పెద్దవాళ్లకు ఇత్తడి జీవన్ సాథీ లైటు యాదికుంటుంది. పెండ్లిలో అల్లుడికి గడియారంతో పాటు పెట్టిన ఇండ్లూ ఉన్నాయి. మూడు సెల్లుల లైటు అది, సెల్లులు మెత్తబడితే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు. దాని వెలుగు ఇప్పటి లెక్కలో కొన్ని పదుల ల్యూమెన్లే. (ఆ ఎవరెడీ సెల్లులు అప్పట్లో యూనియన్ కార్బైడ్ కంపెనీవి. 1984లో భోపాల్‌లో విషవాయువు వదిలిందీ ఆ కంపెనీ ఫ్యాక్టరీయే. పురుగుమందులోనూ లైటు సెల్లులోనూ రైతు ఇంట్లో ఒక్కడే ఉండేవాడు.) ఆ పసుపు వెలుగుతోనే ఒక తరం రాత్రి నీళ్లు కట్టింది. దానికో మంచి గుణముండేది. సెల్లు అయిపోయే ముందు వెలుగు ఎర్రబడేది, మనిషి ఇంటి దారి పట్టేవాడు. ఇప్పటి లైట్లలో కొన్ని చివరిదాకా తెల్లగా వెలిగి టక్కున ఆరిపోతాయి. సెల్లు పాడుకాకుండా ఉండడానికి అది అవసరమే, కానీ మడి మధ్యలో నిలబడ్డ మనిషికి అది గుంతే. అందుకే సెల్లు తగ్గుతుందని ఎర్ర చుక్క చూపించేదో, ఆరిపోయే ముందు తనే సన్నవెలుగుకు దిగేదో చూసి కొనాలి. ఆ చుక్క అలంకారం కాదు.

నడకకు నూరు ల్యూమెన్లు బాగా సరిపోతాయి. పంది చప్పుడైనప్పుడు, తీగ తెగిందేమో దూరం నుంచి చూడాల్సి వచ్చినప్పుడు ఒక్క నిమిషం నిండు వెలుగు వేసుకోవచ్చు. వెలుగు సగం చేస్తే కంటికి సగమైనట్టు అనిపించదు, కొంచెం తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ సెల్లు మాత్రం రెండింతలకు మించే వస్తుంది. పొద్దంతా పెద్ద వెలుగు మీదనే ఉంచి సెల్లు నిలవట్లేదనే మన అలవాటు మారాలి. ఇంకోటి, నీలం తిరిగిన తెల్ల వెలుగు కంటే కాస్త పసుపు కలిసిన వెలుగు పొలానికి మేలని నా అభిప్రాయం. ఎండుటాకుల్లో రక్తపింజర మచ్చలు నీలపు వెలుగులో ఆకుల్లో కలిసిపోతాయి. దుకాణంలో నీలం తెలుపు ఎక్కువ మెరిసినట్టుంటుంది, అందుకే అదే ఎక్కువ అమ్ముడుపోతుంది.

నెత్తికి కట్టుకునే లైట్లు ఈ మధ్య బాగా వచ్చాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నిజంగా సుఖమే. కానీ వెలుగు కంటి పక్కనుంచే పోతుంది కనుక నేల మీది ఎత్తుపల్లాల నీడ కనపడదు, తాడూ పామూ ఒక్క తీరుగా చదునుగా కనిపిస్తాయి. చేతిలైటును నడుము కింద పట్టుకొని ముందుకు కొడితే ప్రతి గడ్డకూ నీడ పడుతుంది, చుట్ట చుట్టుకొని పడుకున్నదీ తెలుస్తుంది. పని చేసేటప్పుడు నెత్తిలైటు, నడిచేటప్పుడు చేతిలైటు, ఇది పద్ధతి. చేతికి కర్ర, కాళ్లకు రబ్బరు బూట్లు ఎట్లాగూ ఉండాలి.

ఫోనులో లైటుంది కదా అనే పిల్లగాండ్లకు ఒక మాట. ఫోను లైటు నాలుగడుగుల దూరానికే. అది వేసుకొని రెండు గంటలు తిరిగితే ఫోను సచ్చిపోతుంది. అప్పుడు పాము కరిస్తే 108కి ఫోను చేసేది దేనితో? ఫోనును మాట్లాడడానికే దాచుకోండి. కాటు పడితే కట్లు గట్టిగా బిగించడం, గాటు పెట్టడం, మంత్రగాడి దగ్గర కూర్చోవడం వద్దు. కరిచిన కాలు కదపకుండా నేరుగా సర్కారు దవాఖానకు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే, పామును పట్టి తేనక్కర్లేదు.

ఏ లైటూ చూపించలేనిది ఒకటుంది. పందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ. సన్నని బైండింగు తీగ వెయ్యి ల్యూమెన్లలోనూ గడ్డిలో కనపడదు. ఈ తీగలకు పందుల కంటే ముందు పక్క చేను రైతు పడుతున్నాడు, కొన్నిచోట్ల కట్టినవాడే పడుతున్నాడు. కేసులు, జైలు తర్వాతి మాట. ఈ తీగలు తీసెయ్యాలని సంఘమే ఊరూరా చెప్పాలి.

ఇక అడగాల్సింది ఎవరిని? దుకాణదారును తిట్టి లాభం లేదు, ఆయన హైదరాబాద్ టోకు బజారు నుంచి డబ్బా తెచ్చి డబ్బాగానే అమ్ముతున్నాడు. కానీ ఒక పని ఆయనతో చేయించవచ్చు. బిల్లు అడగండి. ఆ బిల్లు మీద ఎన్ని గంటలు వెలుగుతుందో చేత్తో రాసివ్వమనండి. లక్ష ల్యూమెన్ల లైటుకు ఆయన రాసే గంటలు చూస్తే మీకే సంగతి తెలిసిపోతుంది. ప్యాకెట్ వస్తువుల మీద తయారుచేసినవారి లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలని 2011 నిబంధనలు చెబుతున్నాయి. చూసుకోవాల్సింది తూనికలు, కొలతల శాఖ. కాంటాలకు ముద్రలు వేయడానికి కొనుగోలు కేంద్రాలకు వచ్చే ఆ శాఖే ఈ డబ్బాలనూ చూడాలి. లిథియం సెల్లులకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 16046 అనే నంబరు సెల్లు మీద ఉండాలి. దానితో ఉన్న ఆర్ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. మోసపోయినవాళ్లు 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు రుసుము లేదు. నాలుగు వందల లైటు కోసం ఎవడు తిరుగుతాడంటారా? ఒక్కడు తిరగడు. ఒకే రకం లైటు కొన్న నలభై మంది బిల్లులు సంఘం చేతిలో ఉంటే అప్పుడు ముచ్చట వేరు.

అసలు ఈ సరుకు మన సొసైటీలే తేవచ్చు. యూరియా, విత్తనాలు తెచ్చే ప్రాథమిక సహకార సంఘానికి లైట్లు తేవడం కష్టమేమీ కాదు. పెట్టాల్సిన షరతులు నాలుగు మాటల్లో అయిపోతాయి. నూరు ల్యూమెన్ల మీద ఎనిమిది గంటలు తగ్గకుండా వెలగాలి. సెల్లు విప్పి మార్చుకునేలా ఉండాలి, అతికించినది వద్దు. వానకు తట్టుకోవాలి. ఏడాది గ్యారంటీ రాసివ్వాలి. కొనేముందు మూడు లైట్లు తెచ్చి సొసైటీ ఆఫీసులోనే సాయంత్రం వెలిగించి పెడితే తెల్లారేసరికి ఫలితం తెలుస్తుంది, లాబొరేటరీ అక్కర్లేదు. సెల్లు మార్చుకునే లైటు ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ లోపల సీసం బ్యాటరీ పెట్టి మూత అతికించిన పెద్ద లైట్లు రెండు నెలలు చార్జింగ్ పెట్టకపోతే మళ్లీ లేవవు, అటకెక్కుతాయి. ప్రతి ఇంటి అటక మీద అవి రెండైనా ఉంటాయి. వాటికి పెట్టిన డబ్బుతో మంచి లైటు ఒకటి వచ్చేది.

తెచ్చుకున్నాక చూసుకునే తీరు కొంచెం ఉంది. లిథియం సెల్లుకు ఎండ పడదు, కనుక మే నెలలో ట్రాక్టరు మీదో బండి డిక్కీలోనో పెట్టి మరిచిపోవద్దు. పూర్తిగా ఆరిపోయేదాకా వాడొద్దు, పొలం పని లేని నెలల్లో సగం చార్జింగ్‌తో నీడలో పెట్టండి. విడి సెల్లును తాళంచెవులతో, చిల్లర పైసలతో కలిపి జేబులో వేసుకుంటే నిప్పు పుడుతుంది. ఉబ్బినదీ, పైతొక్క చిరిగినదీ వాడొద్దు, పెంటకుప్పలో పారేయొద్దు. వాటిని వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదారులదే.

కొన్న రోజు తేదీ, మొదటి రాత్రి నూరు ల్యూమెన్ల దగ్గర ఎన్ని గంటలు వెలిగిందీ ఒక చీటీ మీద రాసి బిల్లుకు పిన్ను కొట్టండి. ఆరు నెలలకు మళ్లీ ఒక రాత్రి వెలిగించి చూడండి. ఆ రెండు అంకెలూ, లైటు పేరూ మీ మండల కమిటీకి ఇవ్వండి. యాసంగి నాట్ల కంటే ముందే అన్ని మండలాల చీటీలు ఒకచోట చేరితే, వాటిని పట్టుకొని కామారెడ్డిలో తూనికలు, కొలతల అధికారి దగ్గరికి పోదాం.